వైర్‌లెస్ ఉద్యోగానికి ముందు సీసీఎన్ఏనా, సీడబ్ల్యూఎన్ఏనా?

మారతహళ్ళి ఈసీఈ: ఈసీఈ పూర్తయింది. బెంగళూరులోనే వైఫై ఇంజనీరుగా చేరాలని ఉంది. చేతిలో ఒక్క పరీక్షకే డబ్బులున్నాయి. సీసీఎన్ఏ (సిస్కో వారి నెట్‌వర్కింగ్ పరీక్ష), సీడబ్ల్యూఎన్ఏ (వైఫై మీదే ఉండే పరీక్ష)లలో ఏది ముందు రాయమంటారు?

ట్రంక్ పోర్ట్: సీసీఎన్ఏ రాయండి. "వైఫై రావట్లేదు" అన్న ఫిర్యాదుకు మూలం తరచుగా కేబుల్ వైపే దొరుకుతుంది. సిగ్నల్ నిండుగా ఉండి, ఐపీ మాత్రం 169.254తో మొదలైందంటే డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రసులు పంచే సర్వర్) జవాబు రాలేదన్నమాట. ఆ ఎస్ఎస్ఐడీ (వైఫై పేరు)కి కేటాయించిన వీలాన్‌ను (విడి నెట్‌వర్క్‌ను) ట్రంక్‌లో, అంటే చాలా వీలాన్లు కలిసి వెళ్ళే స్విచ్ లింకులో, అనుమతించారో లేదో ముందు చూడాలి. యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) కంట్రోలర్‌లో (వాటన్నిటినీ నడిపే పరికరంలో) చేరకపోతే, డీహెచ్‌సీపీలో దాని చిరునామా చెప్పే ఆప్షన్ 43 చూసి, తర్వాత ఆ రెండూ మాట్లాడుకునే యూడీపీ పోర్టులు 5246, 5247 ఫైర్‌వాల్‌లో తెరిచారా చూడాలి. 802.3ఏఎఫ్ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపే పద్ధతి) పోర్టు ఇచ్చేది 15.4 వాట్లే. ఎక్కువ పవర్ కావాల్సిన యాక్సెస్ పాయింట్‌ను దానికి తగిలిస్తే, చాలా మోడళ్ళు బూట్ అయినా కొన్ని రేడియో చెయిన్లు (యాంటెన్నాల వెనకుండే సర్క్యూట్లు) ఆపేసుకుంటాయి. ఇవేవీ తెలియకుండా స్పెక్ట్రమ్ చదివి ఏం లాభం?

తరంగిణి: మీరు చెప్పినవన్నీ నిజమే అన్నా, కానీ సీసీఎన్ఏలో వైర్‌లెస్ చిన్న భాగమే. ఈయన అడిగింది వైఫై ఉద్యోగం. వైట్‌ఫీల్డ్ టెక్ పార్కుల్లో పక్క ఆఫీసు, పై అంతస్తు సిగ్నళ్ళు అన్నీ కలిసే ఉంటాయి. అక్కడ పవర్ పూర్తిగా పెంచితే యాక్సెస్ పాయింట్ మాట ఫోనుకు వినిపిస్తుంది, ఫోను మాట దానికి వినపడదు. ఫోను దూరంగా వెళ్ళినా దాన్నే పట్టుకుని వేలాడుతుంది. 20 డీబీఎం (సిగ్నల్ పవర్ కొలమానం) అంటే 100 మిల్లీవాట్లు. 3 తగ్గితే సగం, ఇంకో 10 తగ్గితే అందులో పదో వంతు. అంటే 7 డీబీఎం దగ్గర 5 మిల్లీవాట్లు. ఈ లెక్క నోటికి రావాలి. అది నేర్పేది సీడబ్ల్యూఎన్ఏ: 60 ప్రశ్నలు, 90 నిమిషాలు, 70 శాతం వస్తే పాస్.

ట్రంక్ పోర్ట్: లెక్క వచ్చినా రెజ్యూమె వడపోత దాటాలి కదా. ఫ్రెషర్ ప్రకటనల్లో కనిపించేది సీసీఎన్ఏ పేరే.

ఛానెల్ 36: ఏది రాసినా, ఇంటర్వ్యూకి ముందు ఒక క్యాప్చర్ (గాల్లో వెళ్ళే వైఫై ఫ్రేముల రికార్డు) తీయడం నేర్చుకోండి. ఎస్.పి. రోడ్డులో యూఎస్‌బీ అడాప్టర్ కొనేటప్పుడు పెట్టె మీది వేగం కాదు, చిప్‌సెట్ పేరు అడగండి. లినక్స్‌లో మానిటర్ మోడ్ (చుట్టూ ఉన్న ఫ్రేములన్నీ వినే మోడ్) రాకపోతే అది పనికిరాదు. మీ ఇంటి రౌటర్ ఉన్న ఛానెల్‌కే అడాప్టర్‌ను కట్టేసి, ఫోను వైఫై ఆపి మళ్ళీ వేయండి. వైర్‌షార్క్‌లో (ఫ్రేములు చూపించే సాఫ్ట్‌వేర్‌లో) ఈఏపీఓఎల్ (ఫోను, రౌటర్ కనెక్ట్ అయ్యేటప్పుడు మార్చుకునే భద్రతా సందేశాలు) అని వడకడితే నాలుగు సందేశాలు రావాలి. రౌటర్ డబ్ల్యూపీఏ2 (ఒక వైఫై భద్రతా పద్ధతి)లో ఉంటే, ఇప్పుడు పాస్‌వర్డ్ కావాలని తప్పు కొట్టండి. ఒకటి, రెండు మళ్ళీమళ్ళీ వస్తాయి, మూడోది రాదు. రెండో సందేశంలోని ఎంఐసీ (పాస్‌వర్డ్ సరైనదో కాదో తేల్చే కోడ్) సరిపోక రౌటర్ దాన్ని పక్కన పడేస్తుంది. ఒక్క ఫ్రేమూ కనపడలేదంటే ముందు ఛానెల్ సరిచూసుకోండి.

తరంగిణి: ఆ మూడో సందేశం ఎందుకు రాలేదో చెప్పగలిగితే సీడబ్ల్యూఎన్ఏ సగం చదివినట్టే. ఎన్ఓసీ (నెట్‌వర్క్‌ను కనిపెట్టి చూసే కేంద్రం) ఉద్యోగానికైతే ట్రంక్ పోర్ట్ గారి మాట వినండి. సర్వే, డిజైన్ వైపు వెళ్ళాలంటే మాత్రం నా మాట మారదు. రెండు సర్టిఫికెట్ల గడువూ 3 ఏళ్ళే, రెండోది ఈలోపు రాసేయొచ్చు.