క్రాస్ ఫెల్ ఒక్క రోజులో ఎక్కి దిగడానికి ఎన్నింటికి బయలుదేరాలి?

ప్రశ్న – మెట్లదారి

అందరికీ నమస్కారం. నేను, నాతోపాటు పనిచేసే మరో తెలుగు మిత్రుడు లీడ్స్‌లో ఉంటున్నాము. అక్టోబరు మొదటి శనివారం నాడు ఉత్తర ఇంగ్లండులోని క్రాస్ ఫెల్ ఎక్కాలని అనుకుంటున్నాము. పెన్నైన్ కొండల్లో అన్నిటికన్నా ఎత్తైనది ఇదే, 893 మీటర్లు. డఫ్టన్ గ్రామం నుంచి పెన్నైన్ వే కాలిబాట పట్టుకుని, నాక్ ఫెల్, గ్రేట్ డన్ ఫెల్, లిటిల్ డన్ ఫెల్ దాటి శిఖరం చేరుకుని, వెళ్ళిన దారినే తిరిగి రావాలని ఆలోచన. మ్యాపు మీద దారం పెట్టి కొలిస్తే రానూ పోనూ సుమారు 26 కిలోమీటర్లు వచ్చింది. మధ్యమధ్య దిగి మళ్ళీ ఎక్కేది కూడా కలుపుకుంటే ఎక్కవలసిన ఎత్తు 1,050 మీటర్ల దాకా ఉంది. అలిపిరి మెట్లు మూడుసార్లు ఎక్కినవాళ్ళమే కాబట్టి కాళ్ళ సంగతి బెంగ లేదు. ఉదయం తొమ్మిదిన్నరకు బయలుదేరితే చీకటి పడేలోగా కిందికి చేరగలమా?

సమాధానం – నత్తనడక

చేరలేరు అనే నా అభిప్రాయం. అలిపిరి దారి 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు; కాలు ఎక్కడ పెట్టాలో రాయే చెబుతుంది, దాహం వేస్తే నీళ్ళు దొరుకుతాయి, పొద్దుపోతే దీపాలు ఉంటాయి. ఇక్కడ చెట్టు లేదు, దుకాణం లేదు, మధ్యాహ్నం దాకా మనిషి కనబడకపోయినా ఆశ్చర్యపోనక్కర లేదు.

లెక్క వేసి చూడండి. నెయిస్మిత్ అనే స్కాట్లండు కొండనడకరి 1892లో చెప్పిన సూత్రాన్ని ఇప్పటికీ అందరూ వాడుతున్నారు: ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. మీ దారికి 5 గంటల 12 నిమిషాలు, దానిపై ఎక్కుడుకు గంటా నలభై ఐదు నిమిషాలు, వెరసి ఏడు గంటలు. అయితే అది గట్టి నేల మీద ఆగకుండా నడిచేవారి లెక్క. తిండికీ, మ్యాపు చూసుకోవడానికీ ఒక గంట, బురదకు మరో గంట వేసుకుంటే తొమ్మిది గంటలు అవుతుంది. ఆ రోజుల్లో అక్కడ సూర్యుడు ఏడుంబావు ప్రాంతంలో ఉదయించి, ఆరున్నర దాటాక అస్తమిస్తాడు. తొమ్మిదిన్నరకు బయలుదేరితే తొమ్మిది గంటలకు సరిగ్గా ఆరున్నర అవుతుంది, అంటే ఒక్క తప్పటడుగుకు కూడా చోటు లేదు. ఏడున్నరకల్లా నడక మొదలుపెట్టండి. అందుకు ముందు రోజు రాత్రే డఫ్టన్‌లో బస చేయడం తప్ప మార్గం లేదు. లీడ్స్ నుంచి యాపిల్‌బీ దాకా రైలు ఉంది, అక్కడి నుంచి డఫ్టన్ ఐదారు కిలోమీటర్లు.

బురద అన్నాను కానీ అది మన పొలం బురద లాంటిది కాదు. వేల ఏళ్ళుగా కుళ్ళీ కుళ్ళని నాచు పేరుకుపోయిన నల్లటి పీట్ నేల అది, నీళ్ళు పీల్చిన దూదిలా ఉంటుంది. లేత ఆకుపచ్చగా మెరిసే నాచు ఎంత అందంగా కనిపిస్తే అంత లోతుగా దిగబడుతుందని గుర్తుపెట్టుకోండి. ముదురు రంగు హెదర్ పొదలూ, ముతక గడ్డి దుబ్బులూ ఉన్నచోట అడుగు నిలుస్తుంది. పెన్నైన్ వే పొడవునా చాలా చోట్ల, మూతబడిన నూలు మిల్లుల నుంచి తెచ్చిన రాతి పలకలను పరిచారు. అవి బురదను తప్పిస్తాయి గానీ తడిసినప్పుడు సబ్బు రాసినట్టు జారుతాయి.

సమాధానం – మంచులో పడ్డవాడు

పై వారి లెక్కతో ఏకీభవిస్తున్నాను, కానీ ఈ కొండ మీద అసలు చిక్కు శిఖరం దగ్గరే ఉంది. అక్కడ మొన ఏమీ ఉండదు. రాళ్ళు చెదిరిన విశాలమైన బల్లపరుపు నేల, మధ్యలో గాలికి అడ్డంగా శిలువ ఆకారంలో కట్టిన రాతి గోడ. నాలుగేళ్ళ క్రితం నేను ఆ గోడ చాటున కూర్చుని పులిహోర తింటుండగా పొగమంచు కమ్ముకుంది. లేచి, వచ్చిన దారే అనుకుని నడిచాను. ముప్పావు గంట తరవాత కాళ్ళ పక్కన ఒక పిల్లకాలువ, నేను వెళ్ళే వైపే పారుతూ కనిపించింది. మ్యాపు తీసి చూస్తే అది టీస్ నది పుట్టే చోటు. అంటే నేను కొండకు తూర్పున, మైళ్ళ తరబడి ఇల్లూ రోడ్డూ లేని మూర్ (చెట్లు లేని బీడు నేల) వైపు దిగుతున్నాను! దిక్సూచి సంచిలోనే ఉంది, తీయలేదు. మీరు మాత్రం శిఖరం మీద ఆకాశం ఎంత తేటగా ఉన్నా, కూర్చోక ముందే తిరుగుదారి దిక్కును దిక్సూచిలో అమర్చుకోండి.

రెండోది, గ్రేట్ డన్ ఫెల్ మీద తెల్లటి బంతిలా ఉండే రాడార్ కేంద్రం. దాని దాకా తారు రోడ్డు ఉంది, అది నాక్ గ్రామం వైపు దిగుతుంది, అక్కడి నుంచి డఫ్టన్ దగ్గరే. వాహనాలకు పై భాగంలో అనుమతి లేదు గానీ నడవవచ్చు. మంచు పట్టినా, కాలు బెణికినా, పొద్దు తరిగినా ఆ రోడ్డే మీకు దిక్కు. అందువల్ల వెనక్కి తిరిగే వేళను శిఖరానికి కాకుండా ఈ రాడార్‌కు ముడిపెట్టమని నా సలహా: పదకొండున్నరకు రాడార్ చేరకపోతే ముందుకు వెళ్ళవద్దు. శిఖరం కనబడుతూ ఉండగా వెనుదిరగడం ఎవరికీ చేతకాదు, కాబట్టి ఆ మాట ఇంటి దగ్గరే అనుకోవాలి.

గాలి విషయం కూడా చూసుకోండి. ఈశాన్య గాలి వీచినప్పుడు పడమటి వాలు మీద ‘హెల్మ్ విండ్’ దూకుతుంది. బ్రిటన్‌లో సొంత పేరున్న గాలి ఇదొక్కటే అంటారు. కొండ నెత్తి మీద టోపీలా మేఘం, దానికి సమాంతరంగా పడమర ఇంకొక మేఘపు పట్టీ కదలకుండా నిలిచి కనిపిస్తే అదే గుర్తు. శీతాకాలం చివర, వసంతంలో ఎక్కువ గానీ మరెప్పుడూ రాదని కాదు. ఆ రోజున ఊళ్ళో కాఫీ తాగి ఇంటికి వెళ్ళడమే మంచిది.

సమాధానం – రెండు జతల సాక్సులు

శిఖరానికి ఉత్తరాన గ్రెగ్స్ హట్ అనే రాతి గది ఉంది. ఒకప్పుడు సీసపు గనుల కార్మికులు పడుకున్న చోటు. ఇప్పుడు తాళం లేకుండా దారిన పోయేవారికి వదిలేశారు. అది మీ ఇంటి దారికి ఎదురు దిక్కు కాబట్టి నిజంగా చిక్కుకుంటేనే అటు వెళ్ళండి, వెళితే బాట వదలకండి. ఆ చుట్టుపక్కల పాత గని గోతులు ఉన్నాయి.

వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది, కాబట్టి ఊళ్ళో 12 డిగ్రీలు ఉంటే పైన ఏడెనిమిది ఉంటుంది, గాలి వేరే. జీన్సు వేసుకోవద్దు, తడిస్తే ఆరదు. ‘రిజిస్టర్’ అనే ఇంగ్లీషు మాటను ఇక్కడి అత్యవసర నంబరు 999కి మెసేజ్ పంపి ముందుగానే నమోదు చేసుకుంటే, మాట వినబడనంత తక్కువ సిగ్నల్‌లో కూడా సాయం కోసం మెసేజ్ పెట్టవచ్చు. ఒక ఈల, తలకు కట్టుకునే లైటు తీసుకెళ్ళండి. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదడం ఆపద సంకేతం.

ప్రశ్న అడిగినవారి జవాబు – మెట్లదారి

అందరికీ ధన్యవాదాలు. శుక్రవారం రాత్రి డఫ్టన్‌లోనే ఉంటున్నాము, ఏడున్నరకు బయలుదేరుతాము. పదకొండున్నర రాడార్ షరతును మిత్రుడి చేత కూడా ఒప్పించాను. దిక్సూచి వాడడం ఇద్దరికీ రాదని ఇప్పుడే బయటపడింది, కాబట్టి ఈ రెండు వారాంతాలు ఇంటి పక్క పార్కులో ఆ అభ్యాసం చేస్తాము. అప్పటికీ చేతకాకపోతే రాడార్ దాకా వెళ్ళి, రోడ్డు వెంట దిగి వస్తాము.