పిల్లలను కాస్తున్న కొరమీనుకు గాలం వేయవచ్చా? మీ అనుభవాలు చెప్పండి

చెరువుగట్టు (ఖమ్మం)

గత ఆదివారం వైరా సమీపంలోని ఒక చెరువులో, అక్కడి మత్స్య సహకార సంఘం వారి అనుమతి తీసుకొని, ఎరగా వాడే రబ్బరు కప్పతో కొరమీను వేటకు వెళ్లాను. ఉదయం ఏడు గంటలకు తామరాకుల నడుమ చాటంత మేర నీరు చిటపటలాడింది. చినుకులు మొదలయ్యాయేమోనని ఆకాశం వైపు చూశాను; కానీ మబ్బు లేదు. కొద్దిగా ముందుకు వంగి చూస్తే నారింజ రంగులో అగ్గిపుల్లంత చేపపిల్లలు వందల సంఖ్యలో ఒక్కచోట చేరి, నోళ్లు పైకెత్తి గాలి పీల్చుకొని మళ్లీ కిందికి పోతున్నాయి. వాటి అడుగున పెద్దది ఉంటుందని తెలిసే కప్పను ఆ గుంపు మీదుగా లాగాను. రెండో విసురుకే పడింది. రెండు కిలోలకు పైగా ఉంటుంది.

కొక్కెం తీసి, ఫొటో తీసుకొని, తూకం వేసి వదిలేసరికి సుమారు పది నిమిషాలు పట్టింది. ఈలోగా ఆ పిల్లల గుంపు చుట్టూ జిలేబీ చేపలు (తిలాపియా) చేరాయి. నీరు చిటపటలాడడం ఆగిపోయింది. పెద్ద చేప తిరిగి అక్కడికి వెళ్లిందో లేదో నాకు కనిపించలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెప్పను గానీ, ఫొటో మాత్రం ఎవరికీ పంపలేదు. పట్టి వదిలేస్తే ఏ తప్పూ లేదని ఇన్నాళ్లూ నమ్మినవాణ్ణి. ఈ విషయంలో మీ అనుభవం ఏమిటి?

బెండుకదిలింది (గుంటూరు జిల్లా)

తమ్ముడూ, నేను వెదురుకర్రతో, జీలుగ బెండుతో గాలం వేయడం నేర్చుకున్న కాలం మనిషిని. మా ఊళ్లో వానలు పడి పొలాల్లోకి, కాలువల్లోకి కొత్తనీరు ఎక్కినప్పుడు, ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే అదే అదనుగా భావించేవారు. గాలానికి చిన్న కప్పను గుచ్చి ఆ గుంపు మీద రెండుమూడు సార్లు తాటించేవారు. పెద్దది కోపంతో వచ్చి అందుకునేది. దానిని తప్పని ఎవరూ అనలేదు, ఎందుకంటే అది కూర కోసం చేసిన వేటే గాని సరదా కోసం చేసినది కాదు. నేనూ చేశాను. ఒక మాట మాత్రం నిజం: ఆ పని చేసిన కుంటలో మరుసటి ఏడాది కొరమీను కోసం ఎంత తిరిగినా దాని చిన్న బంధువులైన మట్టగిడసలే పడేవి. దానికి కారణం మా వేటా, పొలాల్లో చల్లిన మందులా అన్నది నేను తేల్చి చెప్పలేను.

రాగిరీలు (హైదరాబాద్)

చెరువుగట్టు గారు చూసిన దృశ్యం వెనుక ఉన్న సంగతి తెలిస్తే నిర్ణయం తీసుకోవడం కొంత సులువవుతుంది. కొరమీను లోతు తక్కువగా ఉండే గట్టు పక్కన, నాచును, గడ్డిని పక్కకు తోసి, గుండ్రంగా కొంత ఖాళీ చేసుకొని అక్కడ గుడ్లు పెడుతుంది. గుడ్లలో నూనె బొట్టు ఉండడం వలన అవి పైకి తేలుతాయి. ఒకటి రెండు రోజుల్లోనే పిల్లలు బయటికి వస్తాయి. అప్పటి నుంచి ఆ పిల్లలు ముదురు రంగుకు మారి, వేలెడంత పెరిగి, విడిపోయే దాకా పెద్ద చేపలు, అందులోనూ ముఖ్యంగా మగది, వాటిని అంటిపెట్టుకొని ఉంటాయి. పిల్లలు గాలి కోసం తరచూ పైకి రావాలి కాబట్టి దాక్కోవడానికి వీలు లేదు. వాటికి ఉన్న రక్షణ అంతా అడుగున ఉన్న ఆ ఒక్క నోరే.

రెండో సంగతి. కాపలాలో ఉన్న కొరమీను కప్పను ఆకలితో అందుకోదు, తరిమివేయడానికి కొడుతుంది. అందుకే అలాంటి చేపకు కొక్కెం చాలాసార్లు పెదవి బయట, బుగ్గకు, ఒక్కోసారి కంటి దగ్గర గుచ్చుకుంటుంది. వేసవిలో నీరు తగ్గినప్పుడు ఆకలితో పట్టిన చేప అలా కాదు; కప్పను మింగి, మొక్కల కిందికి తిరుగుతుంది, మనం ఒకటి రెండు క్షణాలు ఆగి కర్ర ఎత్తితే కొక్కెం సరిగ్గా నోటి మూలన కూర్చుంటుంది. నన్ను అడిగితే వేటలోని రుచి అంతా ఆ ఆగడంలోనే ఉంది. పిల్లల గుంపు మీద కప్పను లాగడం, తలుపు కొట్టి ఇంటాయనను బయటికి పిలవడం వంటిది, ఎవరైనా వస్తారు.

సందర్భం వచ్చింది కాబట్టి మరొకటి చెబుతాను. సన్నని తీగతో, అంటే సన్నని గాలపు దారంతో, కొరమీనును పట్టడం గొప్ప అనుకునేవారు ఉన్నారు. ఎదిగిన కొరమీనుకు మొప్పలు మాత్రమే చాలవు, పైకి వచ్చి గాలి పీల్చుకోక తప్పదు. తీగ తెగి, తామరతూళ్లలో చిక్కుకుపోయిన చేప పైకి రాలేక నీళ్లలోనే ఊపిరాడక చనిపోతుంది. నేను 50 పౌండ్ల బరువు ఆపే అల్లిక తీగ కంటే తక్కువది గుర్రపుడెక్క ఉన్నచోట వాడను.

పొటోమాక్‌ఒడ్డు (వర్జీనియా)

నేను నెల్లూరు వాణ్ణి. ఇరవై ఏళ్లుగా ఇక్కడ అమెరికాలో ఉంటున్నాను. మీ చర్చ చదువుతుంటే నాకు విచిత్రంగా ఉంది, ఎందుకంటే ఇక్కడ ఇదే ప్రశ్నకు సరిగ్గా తలకిందులైన సమాధానం వస్తుంది. కొరమీను కుటుంబానికే చెందిన ఉత్తర చైనా ప్రాంతపు చేప ఒకటి 2002లో మేరీల్యాండ్‌లోని క్రాఫ్టన్ అనే ఊరి కుంటలో బయటపడింది. మందు కలిపి ఆ కుంటలోని చేపలన్నింటినీ చంపారు. అదే ఏడాది ఆ కుటుంబపు చేపలను బతికుండగా దేశంలోకి తేవడాన్ని నిషేధించారు. అయినా 2004లో అవి పొటోమాక్ నదిలో కనిపించాయి, ఇప్పుడు అక్కడ స్థిరపడ్డాయి. వీటిని బతికుండగా తీసుకుపోకూడదు. పట్టినదాన్ని చంపి తినమని అధికారులే ప్రోత్సహిస్తారు. పిల్లలను కాస్తున్న జంట కనిపిస్తే ఇక్కడి గాలగాళ్లు సంతోషంగా గాలం వేస్తారు. మొదటిసారి నేనూ వేశాను. పులుసు పెట్టుకున్నాం. రుచి మన కొరమీనుకు దగ్గరగానే ఉంటుంది గానీ, మా అమ్మ ఫోనులో వినడానికి ఇష్టపడలేదు.

అయితే ఇక్కడి సొంత చేప అయిన బాస్ విషయంలో మాత్రం మీరు పడుతున్న ఇబ్బందే వీరూ పడుతున్నారు. గూడు కాస్తున్న మగ బాస్‌ను పట్టి కొద్ది నిమిషాల్లో వదిలినా, ఆ కాస్త వ్యవధిలోనే బ్లూగిల్ వంటి చిన్న చేపలు వచ్చి గుడ్లను, పిల్లలను తినడం, కొన్ని మగ చేపలు ఆ తరువాత గూడును పూర్తిగా వదిలేయడం జీవశాస్త్రవేత్తలు గమనించి రాశారు. కెనడాలోని అంటారియోలో వసంతకాలపు బాస్ వేటను చాలాచోట్ల మూసి ఉంచడానికి ఇదొక కారణం. చెరువుగట్టు గారి పది నిమిషాలు, ఆ జిలేబీలు, నాకు ఆ పరిశోధనలనే గుర్తుకు తెచ్చాయి.

గంగమ్మబిడ్డ (సిద్దిపేట జిల్లా)

మాది చేపలు పట్టి బతికే కుటుంబం, నేను మా ఊరి సంఘంలో సభ్యుణ్ణి. సరదాగా గాలం వేసేవారు వచ్చి అడిగితే మేము కాదనము. అడగకుండా తెల్లవారుజామున వచ్చి సంచి నింపుకొని పోయేవారితోనే మాకు పేచీ. మీరు కొరమీను అనేదాన్ని మేము కొర్రమట్ట అంటాము, తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే. మృగశిర కార్తె నాడు దానికి పలికే ధర మరే చేపకూ పలకదు, ఎందుకంటే తడిగుడ్డ కప్పితే గంటల తరబడి బతికే ఉంటుంది, కొనేవారికి కదులుతున్న చేపే కావాలి.

సంఘంలో దీని గురించి రెండు మాటలు ఉన్నాయి. ప్రభుత్వం ఇచ్చే బొచ్చె, రోహు పిల్లలను చెరువులో వదిలినప్పుడు కొర్రమట్ట వాటిని తింటుంది, కనుక పట్టేయాలని కొందరు అంటారు. ఎవరూ పిల్లలు పోయకుండానే, దాణా వేయకుండానే చెరువులో తనంతట తాను పెరిగే ఖరీదైన చేప ఇదొక్కటేనని మిగతావారు అంటారు. నేను రెండో పక్షం. మా చెరువులో పిల్లల గుంపు కనిపించిన మూలకు వల వేయవద్దని మా పెద్దలు చెప్పేవారు. అది రాసుకున్న నిబంధన కాదు, అందరూ పాటించారనీ చెప్పను.

కొత్తగాలం (సంగారెడ్డి)

నేను కొత్తవాణ్ణి. మంజీర జలాశయంలో కొరమీను బాగా పడుతుందని విన్నాను. అక్కడ ప్రయత్నించవచ్చా?

రాగిరీలు (హైదరాబాద్)

వద్దండీ. అది 1978 నుంచి మొసళ్ల అభయారణ్యం; అనుమతి ఉండదు, పైగా మోకాలి లోతు నీళ్లలో నిలబడి గాలం వేసే చోటు కానే కాదు. సంఘం ఉన్న ఊరి చెరువును వెతుక్కోండి. ముందుగా కొక్కెపు ములుకును (మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును) పటకారుతో నొక్కి చదును చేయడం అలవాటు చేసుకోండి. చేప తప్పించుకుంటుందని భయపడవద్దు, తీగ బిగువుగా ఉంచితే నిలుస్తుంది, మీ వేలికి గుచ్చుకున్నప్పుడు నాకు కృతజ్ఞతలు చెబుతారు.

చెరువుగట్టు (ఖమ్మం)

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం మళ్లీ అదే చెరువుకు వెళ్లాను. పాత చోట ఏమీ లేదు. అక్కడి నుంచి సుమారు వంద అడుగుల దూరంలో, తూము వైపు, మరో గుంపు కనిపించింది. అవే పిల్లలో, వేరే జంటవో చెప్పలేను. కర్ర కట్ట మీద పెట్టి అరగంట కూర్చున్నాను. ఒక జిలేబీ దగ్గరికి రాగానే నీరు ఒక్కసారి పైకి లేచి, బుళుక్కుమని శబ్దం వచ్చింది, జిలేబీ మళ్లీ కనిపించలేదు. తరువాత ఎదురు గట్టుకు వెళ్లి, పిల్లలు లేని తుంగలో ఇరవైసార్లు విసిరాను. ఒక్కటీ పడలేదు. సంఘం కావలి మనిషి వచ్చి, అక్కడ అంత చిటపటలాడుతుంటే ఇక్కడ ఎందుకు వేస్తున్నారని అడిగాడు. చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, దీపావళి తరువాత రమ్మన్నాడు.