“పట్టాభి ఓటమి నా ఓటమి”: గాంధీగారి వాక్యం ఇంతేనా?

“పట్టాభి ఓటమి నా ఓటమి” అనాలా, “నా ఓటమే” అనాలా అని గ్రూపులో ఒకరు అడిగారు. రెండూ వాడుకలో ఉన్నాయి. గాంధీగారు అన్న మాట మాత్రం ఈ రెండూ కాదు.

1939 జనవరి 29న కాంగ్రెస్ అధ్యక్ష పదవికి ఎన్నిక జరిగింది. అంతకుముందు చాలాసార్లు పెద్దలు అనుకున్న పేరే ఏకగ్రీవం అయిపోయేది. ఈసారి సుభాష్ చంద్రబోస్ రెండోసారి పోటీకి దిగారు. మౌలానా ఆజాద్ బరిలోంచి తప్పుకోవడంతో సుభాష్‌కు ఎదురు మన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మిగిలారు. డెలిగేట్ల ఓట్లలో సుభాష్‌కి 1,580, పట్టాభికి 1,377 వచ్చాయి. రెండు రోజుల తర్వాత గాంధీగారు బార్డోలి నుంచి ప్రకటన ఇచ్చారు. సుభాష్ మళ్లీ ఎన్నిక కావడం తనకు మొదటి నుంచీ ఇష్టం లేదని, అయినా ఆయన గెలుపు సంతోషమేనని చెప్పి, ఆ తర్వాత అన్న మాటకు తెలుగు ఇలా ఉంటుంది: “మౌలానా సాహెబ్ తప్పుకున్నప్పుడు డాక్టర్ పట్టాభిని తప్పుకోవద్దని ఒప్పించింది నేనే కాబట్టి, ఈ ఓటమి ఆయనదానికంటే నాదే ఎక్కువ.”

ఇందులో “కంటే ఎక్కువ” అన్నది ప్రాణం. ఓటమిలో ఇద్దరికీ వాటా ఉంది, నా వాటా పెద్దది అని అర్థం. “నా ఓటమే” అనగానే ఆ ఏకారం పట్టాభి వాటాను మొత్తం తుడిచేస్తుంది. పోటీ చేసిన మనిషి, ఆయనకు ఓటేసిన 1,377 మంది ఎటు పోయినట్టు? “కాబట్టి” పోవడం ఇంకా పెద్ద నష్టం. అది ఉంటే నిలబెట్టినవాడు బాధ్యత తీసుకున్నట్టు వినిపిస్తుంది, లేకపోతే అలిగినట్టు. రాజకీయంగా అప్పట్లో చాలామందికి అలిగినట్టే వినిపించింది కూడా. మార్చిలో త్రిపురిలో జరిగిన కాంగ్రెస్ మహాసభ, పార్టీ కార్యవర్గమైన వర్కింగ్ కమిటీని గాంధీగారి ఇష్టప్రకారమే వేయాలని తీర్మానించింది. ఏప్రిల్ 29న సుభాష్ రాజీనామా చేశారు.

జవాబు:
మీ వివరణ బాగుందండీ. కానీ ఇన్నేళ్లుగా నలిగిన మాటను ఇప్పుడు దిద్దగలమా? ప్రచారంలో మన నాయకులు “ఆయన గెలుపు నా గెలుపు” అంటూనే ఉంటారు కదా.

తిరుగు జవాబు:
నానుడిగా అలాగే ఉండనివ్వండి, ఇబ్బంది లేదు. గాంధీగారి పేరు పెట్టి, కొటేషన్ గుర్తుల మధ్య వేసేటప్పుడు మాత్రం పూర్తి వాక్యం ఇవ్వాలి. పాఠాల్లోనూ, క్విజ్‌ల్లోనూ ఈ నాలుగు ముక్కలే తిరిగి తిరిగి పట్టాభిగారంటే ఓడినాయనే అని పిల్లలకు స్థిరపడిపోయింది. బందరులో డాక్టరుగా ప్రాక్టీసు చేసి, 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించిన మనిషి ఆయన. 1948లో ఇదే పదవికి మళ్లీ పోటీ జరిగితే పురుషోత్తమదాస్ టాండన్‌ను ఓడించి, జైపూర్ మహాసభకు అధ్యక్షత వహించారు. అప్పటికి గాంధీగారు లేరు.