మస్కడే వైన్‌తో ఏం వండాలి? గోంగూర రొయ్యలు బెడిసికొట్టాయి

నాంత్_కొత్తవాడు:
ఫ్రాన్స్‌లోని నాంత్‌కి వచ్చి ఎనిమిది నెలలైంది. పై అంతస్తులో ఒక పెద్దాయన, వాళ్ళావిడ ఉంటారు. పోయిన నెల భోజనానికి పిలిచి గోంగూర రొయ్యలు పెట్టాను. వాళ్ళు మస్కడే అనే ఇక్కడి తెల్ల వైన్ సీసా తెచ్చారు. రెండు గుక్కలు తాగి గ్లాసులు పక్కన పెట్టేశారు. నేనూ రుచి చూశాను: ఉత్త నీళ్ళలా ఉంది, గొంతులో మాత్రం మంట. మర్యాదకి బాగుందన్నారు కానీ ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఈ శనివారం మళ్ళీ వస్తున్నారు, అదే వైన్ తెస్తారట. టెన్షన్‌గా ఉంది. నాకు వంట అంతంతమాత్రం. తేలిగ్గా అయ్యేవి చెప్పండి. బిర్యానీ అనకండి.

లువార్_గట్టు:
తొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉన్నానండీ. మీది గోంగూర, నాది చేపల పులుసు, అంతే తేడా.

మస్కడేలో ఉన్నదల్లా చురుక్కుమనే పులుపే. తీపి ఉండదు, ఘాటైన వాసనా ఉండదు. కూర దానికన్నా పుల్లగా ఉంటే వైన్ చప్పబడిపోతుంది. కారం తగిలితే ఆల్కహాల్ ఆ మంటని ఇంకా ఎగదోస్తుంది. కాబట్టి చింతపండు, గోంగూర, గుంటూరు కారం ఆ ఒక్క పూట అటక మీద పెట్టండి. దానికి నచ్చేవి ఉప్పు, వెన్న, నూనె, సముద్రం సరుకు.

ముందు ముల్లంగి. ఇక్కడ దొరికే చిన్న గులాబీ రంగువి. కడిగి, పక్కన వెన్న, గేరాండ్ ఉప్పు (ఇక్కడి సముద్రపు ఉప్పు), బ్రెడ్డు పెట్టండి. పచ్చి ముల్లంగి అతిథికెలా పెడతామని మనకి మొహమాటంగా ఉంటుంది గానీ, వాళ్ళకి అది చిన్నప్పటి తిండి.

తర్వాత మూల్. అదే, నల్ల ఆల్చిప్పలు. మనిషికి అరకిలో పైనే కొనండి, బరువంతా చిప్పదే. పగిలినవి, తట్టినా మూసుకోనివి పారేయండి. వెన్నలో ఉల్లిపాయ మగ్గాక అదే వైన్ ఒక గ్లాసు పోసి, మరిగాక చిప్పలు వేసి మూత పెట్టండి. నాలుగైదు నిమిషాల్లో నోళ్ళు తెరుస్తాయి. తెరవనివి తినకూడదు. ఉప్పు వేయకండి, వాటిలో సముద్రం నీళ్ళుంటాయి. పైన పార్స్‌లీ (కొత్తిమీర లాంటి ఆకు) చాలు. నేను మొదటిసారి అలవాటుగా పసుపు, గరం మసాలా వేశాను, మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

ఆయిస్టర్లు కూడా మంచి జోడీయే గానీ, చిప్ప విప్పడం చేతకాకపోతే చెయ్యి తెగుతుంది, వదిలేయండి.

మడ్డి_ప్రేమికుడు:
సీసా మీద ‘స్యుర్ లీ’ అని ఉందేమో చూడండి. అంటే పులిశాక అడుగున దిగిన ఈస్ట్ మడ్డి మీదే వైన్‌ని చలికాలమంతా ఉంచి, ఆ తర్వాత సీసాల్లో నింపుతారన్నమాట. అందుకే కొంచెం బ్రెడ్డు వాసన, నాలుక మీద చిన్న చురుకు. పేరు చూసి మస్కట్ ద్రాక్ష అనుకోకండి, దీని ద్రాక్ష మెలోన్ ద బుర్గోన్. 1709 చలికి ఇక్కడి తోటలు చచ్చిపోయాక, చలికి తట్టుకుంటుందని ఇది ఎక్కువగా నాటారు. పెద్దాయన దగ్గర ఈ ముక్క వాడుకోండి.

బీచ్‌రోడ్_వైజాగ్:
ఆల్చిప్పలు సరే, మన వంట ఒక్కటైనా ఉండొద్దా అన్నా? నేను నాసిక్ సావిన్యోన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌తో వంజరం వేపుడు తింటాను, కారం బదులు మిరియాలు. నిమ్మకాయ రెండు చుక్కలకి మించొద్దు. లేదంటే మినప గారెలు, పచ్చిమిర్చి లేకుండా. నూనెలో వేగిన ఉప్పటి గారె, చల్లటి పుల్లటి వైన్... ఇక్కడ మా బ్యాచ్ మాత్రం మిర్చి బజ్జీతో తాగి, వైన్ బాగోలేదంటుంది.

పప్పుచారు_పార్టీ:
ఆవకాయతో ఏ వైన్ తాగాలో కూడా చెప్పండి 😀

లువార్_గట్టు:
మజ్జిగ.

నాంత్_కొత్తవాడు:
శనివారం అయిపోయింది. వైన్ బాగా చల్లబడాలని వాళ్ళు తెచ్చిన సీసా ఫ్రీజర్లో పెట్టి మర్చిపోయాను, మొదటి గ్లాసులో ఏ రుచీ లేదు. పెద్దాయన చెయ్యి అడ్డుపెట్టి, పావుగంట బల్ల మీద ఉంచమన్నారు. పది డిగ్రీల దగ్గరుండాలట.

ముల్లంగి గిన్నె ముందు ఖాళీ అయింది. మూల్ బాగా వచ్చాయి, అడుగున మిగిలిన రసంలో బ్రెడ్డు అద్దుకుని తిన్నారు. గారెల పిండి జారై చిల్లు నిలవలేదు, పునుగుల్లా వేసేశాను. అయినా పేరడిగితే గారె అనే చెప్పాను. ఫ్రెంచిలో ‘గార్’ అంటే రైల్వే స్టేషన్ కదా. ఆవిడ ఇంకోటి తీసుకుంటూ, ‘ఇది ఏ ఊరి స్టేషన్?’ అంది. తెనాలి అన్నాను.