నెలసరికి ముందు గడ్డం మీద మొటిమలు: రక్తపరీక్షలు మామూలుగా ఉంటే హార్మోన్ల పాత్ర లేనట్టేనా?

మల్లెతీగ (ప్రశ్న):

నా వయసు 31. కాలేజీ రోజుల్లో నాకు మొటిమలు దాదాపు లేవు. ఇప్పుడు మాత్రం నెలసరికి సుమారు వారం ముందు గడ్డం మీద, దవడ అంచున, అప్పుడప్పుడు మెడ మీద కూడా లోతుగా, ముట్టుకుంటే నొప్పిపెట్టే మొటిమలు లేచి, నెలసరి మొదలయ్యాక మెల్లగా అణుగుతున్నాయి. వాటి నల్లమచ్చలు మాత్రం నెలల తరబడి పోవడం లేదు. నెలసరి క్రమం తప్పలేదు. టెస్టోస్టిరాన్, థైరాయిడ్ పరీక్షలు మామూలుగానే వచ్చాయి. మరి దీనికి హార్మోన్లతో సంబంధం లేదనుకోవాలా? మా అత్తగారు ఒంట్లో వేడి వల్లనే అంటున్నారు. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు మీద మొమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అని రాసి ఉంది, ఇంకా వాడలేదు. వచ్చే ఏడాది పిల్లల కోసం ప్రయత్నించాలని కూడా అనుకుంటున్నాము.

చర్మవైద్య విద్యార్థిని:

మల్లెతీగ గారూ, ముందుగా ఆ ట్యూబు గురించి చెబుతాను: దాన్ని వాడకండి. మొమెటాసోన్ ఒక స్టెరాయిడ్. ముఖానికి రాసిన మొదటి వారాల్లో ఎరుపు తగ్గి, చర్మం తేటపడినట్లు కనిపిస్తుంది కాబట్టే ఇటువంటి క్రీములు చేతులు మారుతూ ఇంటింటికీ చేరుతున్నాయి. కొంతకాలం రాశాక చర్మం పలచబడి, సన్నని రక్తనాళాలు పైకి కనిపించి, మానేసిన వెంటనే మంట, ఎరుపు, కొత్త మొటిమలు మొదలవుతాయి. మా ఓపీలో మొటిమల కంటే ఈ క్రీముల వల్ల పాడైన ముఖాలను సరిచేయడమే ఎక్కువ కష్టం. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే వైద్యుల చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు.

ఇక అసలు ప్రశ్న. పరీక్షలు మామూలుగా ఉన్నంత మాత్రాన హార్మోన్ల పాత్ర లేనట్టు కాదు. పెద్ద వయసులో మొటిమలు వచ్చే స్త్రీలలో ఎక్కువమందికి రక్తంలో ఆండ్రోజెన్ల (టెస్టోస్టిరాన్ వంటి పురుష హార్మోన్లు, ఇవి స్త్రీలలోనూ కొద్దిగా ఉంటాయి) స్థాయి మామూలుగానే ఉంటుంది. చర్మంలోని నూనె గ్రంథులు రక్తం ద్వారా వచ్చే బలహీనమైన ఆండ్రోజెన్లను తమలో తామే బలమైన డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మార్చుకోగలవు, పైగా కొందరిలో ఆ గ్రంథులు కొద్దిపాటి హార్మోనుకే అతిగా స్పందిస్తాయి. ఈ తతంగం చర్మం లోపలే జరుగుతుంది కనుక రక్తపరీక్షకు అందదు. మొటిమలు వచ్చే చోటు, వచ్చే సమయం చూస్తే మీది హార్మోన్ల ప్రభావమే అనిపిస్తున్నది.

నెలసరి ఆలస్యమవడం, గడ్డం మీద, ఛాతీ మీద ముతక వెంట్రుకలు, నడినెత్తిన జుట్టు పలచబడడం వంటివి ఉంటే పీసీఓఎస్ (అండాశయాలకు, హార్మోన్ల తేడాలకు సంబంధించిన సమస్య) కోసం చూడాలి. గర్భనిరోధక మాత్రలు వాడుతూ పరీక్షలు చేయించుకుంటే అసలు స్థాయిలు తెలియవు. గొంతు బొంగురుపోవడం, వెంట్రుకలు హఠాత్తుగా పెరగడం ఉంటే మాత్రం ఆలస్యం చేయకూడదు.

గోదారిగట్టు:

నాకూ ముప్పై దాటాకే ఇదే ఇబ్బంది మొదలైంది. మా డాక్టరమ్మ స్పైరోనొలాక్టోన్ రాశారు. ఇది రక్తపోటుకు, ఒంట్లో చేరిన నీరు తీయడానికి ఇచ్చే పాత మందే అయినా, ఆండ్రోజెన్లను అడ్డుకుంటుంది కాబట్టి మొటిమలకూ పనికివస్తుందని వివరించారు. మొదటి రెండు నెలల్లో పెద్దగా తేడా లేక విసిగిపోయాను. తరువాత నెమ్మదిగా గుణం కనిపించింది. మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి రావడం, నెలసరి తేదీలు కొంత అటూ ఇటూ కావడం నాకు ఎదురైన ఇబ్బందులు. మీకు ఇది సరిపడుతుందో లేదో వైద్యులే చెప్పాలి.

చర్మవైద్య విద్యార్థిని:

ఆ ఆలస్యం ఆ మందు స్వభావమేనండి. 2023లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో 410 మంది స్త్రీలను పరిశీలించగా, 12 వారాలకు కొద్దిగా ఉన్న తేడా 24 వారాలకు బాగా స్పష్టమైంది. అయితే గర్భంలో మగశిశువు ఉంటే జననాంగాల ఎదుగుదలకు భంగం కలిగే ప్రమాదం ఉన్నందున, దీన్ని వాడినంత కాలం గర్భం రాకుండా చూసుకోవాలి. మల్లెతీగ గారు వచ్చే ఏడాది బిడ్డను కోరుకుంటున్నారు కాబట్టి ఆరు నెలలకు గాని పూర్తి ఫలితం ఇవ్వని మందును ఇప్పుడు మొదలుపెట్టడం నా దృష్టిలో అంత ప్రయోజనకరం కాదు. తీవ్రమైన మొటిమలకు మింగే మందు ఐసోట్రెటినాయిన్ విషయం ఇంకా తీవ్రం: దానివల్ల శిశువుకు అవకరాలు వస్తాయి, ఆపిన తరువాత కూడా కనీసం ఒక నెల ఆగాలి.

మీ పరిస్థితికి అజెలైయిక్ ఆమ్లం ఉన్న పూతమందు (15 లేదా 20 శాతం) గురించి మీ వైద్యులను అడగండి. అది మొటిమలతోపాటు నల్లమచ్చలనూ తగ్గిస్తుంది, గర్భిణులకూ సురక్షితమని భావిస్తారు. 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్‌ను దానికి తోడుగా వాడవచ్చు. దిండు గలీబులు, తువ్వాళ్లు తెల్లగా వెలిసిపోతాయి, జాగ్రత్త. ఏ పూతనైనా లేచిన మొటిమకు మాత్రమే కాక, మొటిమలు వచ్చే ప్రాంతమంతటికీ పలచగా రాసి, రెండు మూడు నెలలు ఆగి చూడాలి. పగటిపూట సన్‌స్క్రీన్ రాయకపోతే మచ్చలు ఎండకు ఇంకా ముదురుతాయి. నిమ్మరసం, టూత్‌పేస్టు రాస్తే మంట పుట్టి మరిన్ని మచ్చలు మిగులుతాయి.

పెసరట్టు:

అత్తగారి మాట గురించి కూడా ఎవరైనా చెప్పాలి కదా! మామిడిపండు తింటే వేడి చేసి మొటిమలు వస్తాయని మా ఇంట్లోనూ అంటారు. పాలు, అన్నం మానేయవలసిందేనా?

చర్మవైద్య విద్యార్థిని:

రక్తంలో చక్కెరను త్వరగా పెంచే తిండి, అంటే తీపి పానీయాలు, మైదా పదార్థాలు, మోతాదు మించిన తెల్లన్నం తగ్గిస్తే కొందరికి మేలు జరుగుతుంది. పాల విషయంలో ఆధారాలు అంత గట్టివి కావు. పాలు మానమని నేనైతే అందరికీ చెప్పను. వ్యాయామశాలలో తాగే వే ప్రోటీన్ (పాల నుంచి తీసిన మాంసకృత్తుల పొడి) వల్ల మొటిమలు పెరిగినట్లు గమనిస్తే దాన్ని ఆపి చూడడం మంచిది. మామిడిపండును దోషిగా నిలబెట్టే ఆధారమేదీ నేను చూడలేదు.

మల్లెతీగ:

అందరికీ ధన్యవాదాలు. ట్యూబు చెత్తలో పడేశాను. వైద్యుల వద్దకు వెళ్లినప్పుడు గర్భం గురించిన ఆలోచనను ముందే చెప్పి, అజెలైయిక్ ఆమ్లం గురించి అడుగుతాను.