నాన్నకు మినీ స్ట్రోక్ వచ్చింది, మళ్లీ వస్తే ఎలా గుర్తుపట్టాలి?

మొన్న పొద్దున నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే కుడిచేతి వేళ్లు పట్టు తప్పాయి. మూతి ఓ పక్కకు జారి, మాట ముద్దగా వచ్చింది. పది నిమిషాల్లో అంతా మామూలే. "నీరసంలే" అన్నారు, నేనూ నమ్మేశాను. సాయంత్రం చూపిస్తే మినీ స్ట్రోక్ (మెదడుకు రక్తం కాసేపు అందక, మళ్లీ మామూలవడం) అన్నారు డాక్టర్. తగ్గిపోయినా సరే, వెంటనే తీసుకురావాల్సిందట. స్ట్రోక్‌లో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే ఇస్తారని అప్పుడే తెలిసింది. తలచుకుంటే ఇప్పటికీ దడే.

నవ్వమనడం, రెండు చేతులూ ఎత్తించడం, ఓ వాక్యం పలికించడం నేర్చుకున్నాం. మరి ఉన్నట్టుండి చూపు మసకబారినా, నడకలో తూలినా స్ట్రోక్ అనే అనుకోవాలా? నిద్రలో వస్తే టైమ్ ఎప్పటినుంచి లెక్కపెట్టాలి? అమ్మ ఒక్కతే ఉంటుంది, టెన్షన్‌లో మర్చిపోకుండా ఆమెకు ఎలా నేర్పించాలి? అనుభవమున్నవాళ్లు దయచేసి చెప్పండి.