ఆ సంతృప్తి శాతం ఎవరిదో ముందు అడుగు తమ్ముడూ

విజయవాడ నుంచి, సెప్టెంబర్ ఇన్‌టేక్:

అన్నలకీ అక్కలకీ నమస్కారం. ఎమ్మెస్సీ డేటా సైన్స్‌కి ఇంగ్లండ్‌లో రెండు యూనివర్సిటీల నుంచి ఆఫర్ వచ్చింది. బెంజ్ సర్కిల్ దగ్గర కన్సల్టెన్సీ వాళ్ళు ఒకదాని బ్రోచర్ చూపించి, స్టూడెంట్ సాటిస్‌ఫాక్షన్ శాతం బాగా ఎక్కువ, టెఫ్ గోల్డ్ అనే టీచింగ్ రేటింగ్ కూడా ఉంది, శుక్రవారంలోపు డిపాజిట్ కట్టేయండి అంటున్నారు. లోన్ కోసం నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టారు. ఆ శాతం చూసి కట్టేయొచ్చా?

గుంటూరు అరండల్‌పేట, ఇప్పుడు లెస్టర్:

తమ్ముడూ, ఇవాళే కట్టకు. నేను లెస్టర్‌లో ఒక యూనివర్సిటీలో స్టూడెంట్ సర్వేలు చూసే ఆఫీసులో పని చేస్తాను. ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో చెప్తాను, తర్వాత నువ్వే తేల్చుకో.

బ్రోచర్లలో వేసే శాతం మామూలుగా నేషనల్ స్టూడెంట్ సర్వేది. 2005 నుంచి ఏటా జరుగుతోంది. దాన్ని నింపేది డిగ్రీ ఆఖరి సంవత్సరం పిల్లలు. నువ్వు వెళ్ళేది మాస్టర్స్‌కి. అంటే ఆ శాతంలో నీలాంటివాడు ఒక్కడూ లేడు. పైగా 'మొత్తమ్మీద కోర్సుతో తృప్తిగా ఉన్నారా' అనే ప్రశ్నని ఇంగ్లండ్‌లో 2023లోనే తీసేశారు. కాబట్టి ఒకే ఒక్క అంకె చూపిస్తే అది ఏ సంవత్సరానిదో అడుగు. టెఫ్ గోల్డ్ కూడా డిగ్రీ కోర్సులు చూసి ఇచ్చేదే. మాస్టర్స్ వాళ్ళకి పీటెస్ అని వేరే సర్వే ఉంది. దాని ఫలితాలు యూనివర్సిటీల వారీగా బయట పెట్టరు, ఎవరివి వాళ్ళకే ఇస్తారు.

మరి మాస్టర్స్ పిల్లల కోసం ఇన్ని బ్రోచర్లు ఎందుకంటే, లెక్క ఫీజుల దగ్గర ఉంది. ఇంగ్లండ్‌లో అక్కడి పిల్లల డిగ్రీ ఫీజు 2017 నుంచి 9,250 పౌండ్ల దగ్గరే ఆగిపోయింది. 2025లో 9,535 చేశారు. జీతాలు, కరెంటు బిల్లులు అన్నేళ్ళూ ఆగలేదుగా! విదేశీ విద్యార్థి ఫీజుకి అలాంటి పరిమితి లేదు. 2022-23లో బ్రిటన్‌లో చదివే విదేశీ విద్యార్థుల్లో మనవాళ్ళే చైనాని దాటి మొదటి స్థానానికి వచ్చారు. ఇంటర్నేషనలైజేషన్ అని మీటింగుల్లో పెద్ద మాట వాడతారు. నా దృష్టిలో దానికి రెండు ముఖాలు. వేరే దేశాల పిల్లల్ని చేర్చుకోవడం ఒకటి. వాళ్ళు వచ్చాక పాఠం, లైబ్రరీ, ప్రాజెక్ట్ గైడ్, తోటివాళ్ళతో స్నేహం అన్నీ వాళ్ళకి అందేలా చూడటం రెండోది. మొదటిది త్వరగా అవుతుంది. రెండోదానికి మనుషులు కావాలి, డబ్బు కావాలి. ఒక యూనివర్సిటీ మంచిదా కాదా అన్నది ఈ రెండోదాన్ని బట్టే తెలుస్తుంది.

సంతృప్తి మీద జరిగిన పరిశోధనలో నాకు బాగా పనికొచ్చింది 1988లో పరశురామన్, జైథామల్, బెర్రీ ఇచ్చిన సర్వ్‌క్వాల్ పద్ధతి. అది వ్యాపార సేవల కోసం తయారైంది, తర్వాత యూనివర్సిటీలకీ వాడారు. మనిషి ముందు ఏం ఆశించాడు, చివరికి ఏం దక్కింది అని రెండూ అడిగి, తేడా చూస్తారు. బిల్డింగులు, పరికరాలు ఎలా ఉన్నాయన్నది అందులో అయిదింట ఒకటి మాత్రమే. మిగతా నాలుగూ మనుషుల వల్ల వచ్చేవి: మాట మీద నిలబడటం, అడిగితే వెంటనే పలకటం, నమ్మకం కలిగించటం, మన బాధ పట్టించుకోవటం. బ్రోచర్లో ఫోటో తీయగలిగేది ఆ ఒక్క బిల్డింగునే.

ఆశించినదానికీ దక్కేదానికీ మధ్య ఆ తేడా మన పిల్లల్లో బెంజ్ సర్కిల్ దగ్గరే మొదలవుతుంది. 'చదువయ్యాక రెండేళ్ళు ఉద్యోగం చేసుకోవచ్చు' అని నీకూ చెప్పే ఉంటారు. గ్రాడ్యుయేట్ వీసాకి 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్ళకి 18 నెలలే. లోన్ లెక్క దాన్నిబట్టి వేసుకో.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. రెండు యూనివర్సిటీలకీ ఒకే రోజు ఒకే మెయిల్ పెట్టు. పోయినేడాది ఈ కోర్సులో ఎంతమంది చేరారు, ల్యాబ్‌లో బ్యాచ్‌కి ఎంతమంది, అసైన్‌మెంట్ మార్కులు ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఒక ప్రాజెక్ట్ గైడ్ కింద ఎంతమంది ఉంటారు అని అడుగు. జవాబు ఎన్ని రోజులకి వచ్చింది, అడిగినదానికే చెప్పారా, లేక మళ్ళీ బ్రోచరే పంపారా అన్నది రాసిపెట్టుకో. శుక్రవారం గడువు కన్సల్టెన్సీదా, యూనివర్సిటీదా? అది ఆఫర్ లెటర్‌లోనే ఉంటుంది, చూడు.

నరసరావుపేట, ఇప్పుడు కొవెంట్రీ:

అక్కా, ఈ సర్వేలు నిజంగా ఎవరన్నా చూస్తారా? మేమందరం అన్నీ ఫుల్ మార్కులు పెట్టేసి పంపేస్తున్నాం.

గుంటూరు అరండల్‌పేట, ఇప్పుడు లెస్టర్:

అందుకే బాధ తమ్ముడూ. నేను ఇంజినీరింగ్ చదివింది గుంటూరు దగ్గరే. కమిటీ వస్తుందంటే మమ్మల్ని ల్యాబ్‌లో కూర్చోబెట్టి, వెనక సార్ నిలబడి 'అన్నీ పైదే కొట్టండమ్మా' అనేవారు. కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ 2017లో విద్యార్థుల సంతృప్తి సర్వేని గ్రేడింగ్‌లో చేర్చింది, అది మంచి పనే. కానీ ఆ ల్యాబ్‌లో పట్టిన భయం విమానం ఎక్కినా వదల్లేదు.

పోయిన మార్చిలో ఒక ఇంట్లో చూశాను. అయిదుగురు అబ్బాయిలు, ఒకటే రైస్ కుక్కర్. తెనాలి అబ్బాయి అన్నం ఉడికే లోపు ఫోన్‌లో పీటెస్ నింపుతున్నాడు. బొటనవేలు కుడివైపు గడి మీదే జారుతోంది, ప్రశ్న చదవట్లేదు. మొదటి అసైన్‌మెంట్ మార్కులు రాకముందే రెండోది సబ్మిట్ చేయాల్సి వచ్చిందని అంతకుముందే పది నిమిషాలు తిట్టాడు. అది రాయొచ్చుగా అంటే, 'ఎందుకొచ్చిన గొడవక్కా, వీసాకి ఏమన్నా అవుద్దేమో' అన్నాడు.

ఏమీ అవదు. వీసాకి చూసేది హాజరు, ఫీజు, పని గంటలు. సర్వే జవాబులు ఆ దారిన పోవు, రిపోర్టులో అందరివీ కలిపే వస్తాయి. మా మీటింగ్‌లో మాత్రం ప్రతి కోర్సుకీ ఒక వరస ఉంటుంది: ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గడులు. ఆకుపచ్చ గడి దగ్గర ఎవరూ ఆగరు. ఆ అబ్బాయి కోర్సు ఆకుపచ్చ అయితే, వచ్చే ఏడు వచ్చే పిల్లలకీ మార్కులు అంతే ఆలస్యం. రాసేటప్పుడు 'గుడ్' అనీ 'బ్యాడ్' అనీ కాదు, ఏ మాడ్యూల్, ఎన్ని వారాలు ఆలస్యం అని రాయండి. ఆ ఒక్క వాక్యాన్ని మేం స్క్రీన్ మీద పెట్టి చదివిస్తాం.

సర్వేతో తేలనిది ఉంటే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి. యూనివర్సిటీ తన ప్రక్రియ ముగిసిందని చివరి లెటర్ ఇస్తుంది. అది వచ్చిన 12 నెలల్లోపు ఓఐఏకి వెళ్ళొచ్చు. ఇంగ్లండ్, వేల్స్ విద్యార్థుల కోసం ఉన్న స్వతంత్ర సంస్థ అది, పైసా ఖర్చు లేదు.

విజయవాడ తమ్ముడూ, నేను ఈ వారం అమ్మావాళ్ళింట్లోనే ఉన్నాను. గురువారం పొద్దున బీసెంట్ రోడ్డులో పనుంది. ఆఫర్ లెటర్లు రెండూ ప్రింట్ తీసుకుని రా, వీలైతే నాన్నగారినీ తీసుకురా. మెయిల్ మాత్రం ఈ రాత్రే పెట్టెయ్, అప్పటికి ఎవరు పలికారో చూద్దాం.